ఫోన్‌లో ఉన్న బొమ్మ టీవీలోకి ఏ దారిన వెళ్తుంది?

ఆషాఢ పౌర్ణమికి మా పెద్దమ్మ సింహాచలం గిరి ప్రదక్షిణ చేసింది. 66 ఏళ్ల వయసులో 32 కిలోమీటర్లు నడిచింది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టడం, హనుమంతువాక దాటాక జనంలో చిక్కుకోవడం, అప్పుఘర్ దగ్గర సముద్రంలో కాళ్లు తడుపుకోవడం, తెల్లారాక గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందికి చేరడం, అన్నీ మా చెల్లి పక్కనే నడుస్తూ ఫోన్‌లో తీసింది. వాటిని ఇంట్లో అందరితో కూర్చుని టీవీలో చూసుకోవాలని పెద్దమ్మ కోరిక. విశాఖ సీతమ్మధారలో వాళ్ల ఫ్లాట్‌కి ఫైబర్ నెట్ ఉంది. హాల్లో కొత్త టీవీ, ఇంట్లో మూడు ఫోన్లు, ఒక ట్యాబ్ ఉన్నాయి. అయినా గంటసేపు కుస్తీ పట్టినా ఎవరివల్లా కాలేదు. చివరికి నాకు ఫోన్ చేసి, "ఒరే నాన్నా, ఈ టీవీ మన ఫోన్‌ని గుర్తుపట్టట్లేదురా" అంది.

అంతకంటే సరిగ్గా ఆ సమస్యని ఎవరూ చెప్పలేరు. అక్కడ నిజంగా జరిగింది అదే. ఎందుకో తర్వాత చెప్తాను.

ఈ విషయంలో మనల్ని ముందు తికమక పెట్టేవి పేర్లు. కాస్ట్, స్క్రీన్ మిర్రరింగ్, స్మార్ట్ వ్యూ, ఎయిర్‌ప్లే, మిరాకాస్ట్, డీఎల్‌ఎన్‌ఏ, క్విక్ షేర్... ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. ఒకే పనికి రెండు మూడు పేర్లున్నాయి, ఒకే పేరు కింద రెండు వేర్వేరు పనులూ ఉన్నాయి. అందుకే పేర్లు బట్టీ పట్టొద్దని నేను మా వాళ్లకి చెప్తుంటాను. బొమ్మ ఎక్కడి నుంచి బయల్దేరుతోంది, ఏ దారిన టీవీకి చేరుతోంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. ఉన్నవి మూడే దారులు.

మన మావయ్యకి పూర్ణా మార్కెట్ నుంచి సరుకు కావాలనుకోండి. మనమే వెళ్లి, సంచీ మోసుకొచ్చి ఆయన చేతికివ్వడం ఒక పద్ధతి. కొట్టు పేరు, కావాల్సిన వస్తువు చీటీ మీద రాసిస్తే ఆయనే వెళ్లి తెచ్చుకోవడం రెండోది. అసలు బజారు దాకా ఎందుకు, అది మన అటక మీదే ఉంది, వచ్చి దించుకోమనడం మూడోది. మొదటిది మిర్రరింగ్, రెండోది కాస్ట్, మూడోది ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడం.

సంచీ మోసే దారి

మిర్రరింగ్‌లో మన ఫోన్ తెర మీద ఏం కనిపిస్తుందో అదే టీవీ మీద కనిపిస్తుంది. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది కానీ ఫోన్‌కి ఇంతకంటే కష్టమైన పని లేదు. సెకనుకి 30 సార్లు, ఒక్కోసారి 60 సార్లు తన తెరని తానే పట్టి, ఆ బొమ్మల్ని అప్పటికప్పుడు వీడియోగా కుదించి గాల్లోకి పంపాలి. టీవీ వాటిని విప్పి చూపించాలి. యూట్యూబ్ వీడియోని మిర్రర్ చేస్తే ఫోన్ ముందు దాన్ని నెట్ నుంచి దించుకుంటుంది, విప్పి తెర మీద చూపిస్తుంది, మళ్లీ కుదించి టీవీకి పంపుతుంది. ఒకే పని రెండుసార్లు. ఫోన్ వేడెక్కడానికి, బ్యాటరీ కళ్లముందే తరిగిపోవడానికి కారణం ఇదే. ఈ కుదించడం, విప్పడం మధ్యలో కొంత సమయం పోతుంది కాబట్టి ఫోన్‌లో వేలు కదిపిన క్షణం తర్వాతే టీవీలో కదలిక వస్తుంది. ఫొటోలు చూసుకోవడానికి ఆ ఆలస్యం అడ్డు కాదు. ఆటలు ఆడేవాళ్లకి మాత్రం నచ్చదు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ పనికి వాడే పద్ధతుల్లో ముఖ్యమైనది మిరాకాస్ట్. వైఫై ప్రమాణాలు చూసే కంపెనీల సంఘం వైఫై అలయన్స్ దీన్ని 2012లో తెచ్చింది. దీని బలం ఏమిటంటే మధ్యలో రౌటర్ అక్కర్లేదు. ఫోన్, టీవీ రెండూ వైఫై డైరెక్ట్ ద్వారా నేరుగా చేతులు కలుపుకుంటాయి. నెట్ లేకపోయినా పని జరుగుతుంది. శామ్‌సంగ్ ఫోన్లలో స్మార్ట్ వ్యూ అన్న బటన్ వెనక చాలాసార్లు ఉండేది ఇదే. ఐఫోన్లలో మిరాకాస్ట్ లేదు. గూగుల్ సొంత పిక్సెల్ ఫోన్లలోనూ లేదు. అందుకే ఇంట్లో ఒకరి ఫోన్‌కి దొరికిన టీవీ, అదే గదిలో ఇంకొకరి ఫోన్‌కి దొరకదు. అది ఫోన్ చెడిపోవడం కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకెళ్లలేను. మిర్రరింగ్‌లో తెర మొత్తం టీవీకి వెళ్తుంది. మధ్యలో వచ్చే బ్యాంకు మెసేజ్, ఓటీపీ, ఎవరో పంపిన వాట్సాప్ మాట, అన్నీ హాల్లో కూర్చున్న వాళ్లందరి ముందూ పెద్ద అక్షరాల్లో పడతాయి. మొదలుపెట్టే ముందే డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోండి.

చీటీ రాసిచ్చే దారి

2013 జులైలో గూగుల్ 35 డాలర్లకి టీవీకి గుచ్చే క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పరికరం అమ్మకానికి పెట్టింది. 2014 డిసెంబరులో అది మన దేశానికి 2,999 రూపాయల ధరతో వచ్చింది. దాని వెనకున్న ఆలోచన నాకిప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. ఫోన్ వీడియోని మోయదు. ఆ వీడియో నెట్‌లో ఎక్కడుందో ఆ చిరునామా మాత్రం టీవీకి చెప్తుంది. టీవీ తానే నెట్‌లోకి వెళ్లి, నేరుగా తెచ్చుకుని చూపిస్తుంది. ఇక ఫోన్ రిమోట్ అయిపోతుంది: ఆపు, నడుపు, శబ్దం పెంచు, అంతే. ఫోన్ తెర ఆర్పేసినా, మధ్యలో కాల్ మాట్లాడినా, చివరికి ఫోన్ తీసుకుని బీచ్‌కి నడకకి వెళ్లిపోయినా ఇంట్లో వీడియో సాగుతూనే ఉంటుంది.

యూట్యూబ్ యాప్‌లో మూలకి చిన్న టీవీ గుర్తు, దాని అంచున వైఫై గీతలు కనిపిస్తాయి కదా, అది ఈ చీటీ బటన్. చాలామంది దాన్ని వదిలేసి ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మిర్రరింగ్ మొదలుపెట్టి, బొమ్మ తడబడుతోందని బాధపడతారు. యాప్‌లోనే కాస్ట్ గుర్తు ఉంటే ముందు దాన్నే నొక్కండి. నాణ్యతలో తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

డబ్బు లెక్క కూడా ఇక్కడే మారుతుంది. కాస్ట్ చేసినప్పుడు డేటా టీవీ కనెక్షన్ నుంచి ఖర్చవుతుంది. ఇంట్లో ఫైబర్ ఉంటే చింత లేదు. టీవీని మన ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి కాస్ట్ చేస్తే మాత్రం టీవీ తెచ్చుకునే ప్రతి బైటూ మన మొబైల్ డేటాలోంచే పోతుంది. సెకనుకి 5 మెగాబిట్ల చొప్పున నడిచే హెచ్‌డీ వీడియో గంటకి 2.25 జీబీ తింటుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకి 40 నిమిషాల్లో ఆ రోజు కోటా అయిపోతుంది.

ఐఫోన్, ఐప్యాడ్‌ల ఎయిర్‌ప్లేలో ఈ రెండు దారులూ ఉన్నాయి. 2010లో ఆ పేరుతో మొదలైన ఈ పద్ధతి సందర్భాన్ని బట్టి తెర మొత్తాన్నీ మిర్రర్ చేయగలదు, వీడియోని మాత్రమే టీవీకి అప్పగించనూ గలదు. 2019 నుంచి శామ్‌సంగ్, ఎల్‌జీ, సోనీ టీవీల్లోనూ ఎయిర్‌ప్లే 2 రావడంతో యాపిల్ సొంత బాక్స్ కొనాల్సిన అవసరం చాలా ఇళ్లలో తప్పింది.

అటక మీది సరుకు

మూడో దారి పాతది, ఇప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడనిది, నాకు మాత్రం ఇష్టమైనది. 2003లో సోనీ, ఇంటెల్ లాంటి కంపెనీలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. తర్వాత దానికి డీఎల్‌ఎన్‌ఏ అన్న పేరు స్థిరపడింది. ఏ కంపెనీ టీవీ అయినా, ఏ కంపెనీ ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఉన్న ఫొటోలనైనా, పాటలనైనా, వీడియోలనైనా ఇంటి నెట్‌వర్క్ మీదుగా తెరిచి చూపించగలగాలన్నది ఉద్దేశం. ఆ సంఘం 2017లో మూతపడింది. కానీ అది నేర్పిన భాష ఇంకా ఎన్నో టీవీల్లో, వీఎల్‌సీ లాంటి ప్లేయర్లలో బతికే ఉంది. ఫోన్‌లోనో, రౌటర్‌కి గుచ్చిన హార్డ్‌డిస్క్‌లోనో ఉన్న ఫైళ్ల జాబితా టీవీకి కనిపిస్తుంది. రిమోట్‌తో ఎంచుకుంటే ఆ ఫైలు ఉన్నది ఉన్నట్టుగా టీవీకి వస్తుంది. ఇందులో బయటి ఇంటర్నెట్‌కి పాత్రే లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, ఫైలు ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది కాబట్టి దాన్ని విప్పే తెలివి టీవీకి ఉండాలి. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఐఫోన్లు వీడియోల్ని హెచ్‌ఈవీసీ అనే కొత్త పద్ధతిలో కుదించి దాస్తున్నాయి. పాత టీవీకి ఆ పద్ధతి రాకపోతే మాట వినిపిస్తుంది, బొమ్మ రాదు. ఒక్కోసారి దీనికి తారుమారుగా, బొమ్మ వస్తుంది కానీ ఆడియో పద్ధతి తెలియక మాట రాదు. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ కింద మోస్ట్ కంపాటిబుల్ అని మారిస్తే ఇకపై తీసేవి పాత టీవీలకీ అర్థమవుతాయి. ఇప్పటికే తీసినవి మాత్రం మారవు.

"గుర్తుపట్టట్లేదు"

ఇక పెద్దమ్మ సమస్య. ఏ దారైనా సరే, మొదటి మెట్టు ఒకటే: ఫోన్, టీవీ ఒకదాన్నొకటి కనుక్కోవాలి. ఇది ఎలా జరుగుతుందంటే, వీధిలోకొచ్చి "ఇక్కడ టీవీ ఎవరైనా ఉన్నారా?" అని కేకేసినట్టే ఉంటుంది. డీఎల్‌ఎన్‌ఏ పరికరాలు ఈ కేకని 239.255.255.250 అనే ప్రత్యేక చిరునామాకి వేస్తాయి. అది ఏ ఒక్కరి చిరునామా కాదు, వినాలనుకునే పరికరాలన్నీ చెవి పెట్టే చోటు. ఎయిర్‌ప్లే, గూగుల్ కాస్ట్ వేరే చిరునామా వాడతాయి కానీ పద్ధతి ఇలాంటిదే. విన్న టీవీ తన పేరు చెప్తుంది, ఆ పేరు మన ఫోన్ జాబితాలో పడుతుంది.

రౌటర్ అక్కర్లేని మిరాకాస్ట్‌ని పక్కన పెడితే, ఈ కేకకి ఒక హద్దు ఉంది. అది ఆ ఇంటి నెట్‌వర్క్ గడప దాటదు. దాటకూడదు కూడా, దాటితే ఊళ్లో టీవీలన్నీ మన జాబితాలో వచ్చి కూర్చుంటాయి.

పెద్దమ్మ వాళ్లింట్లో ఫైబర్ కనెక్షన్‌తో పాటు వచ్చిన డబ్బా హాల్లో ఉంది, దానికే వైఫై ఉంది. పడగ్గదికి సిగ్నల్ అందట్లేదని మా అన్నయ్య రెండేళ్ల కిందట ఇంకో రౌటర్ కొని, డబ్బా నుంచి వైరు లాగి తగిలించాడు. టీవీ డబ్బా వైఫైలో ఉంది. ఫోన్లన్నీ రౌటర్ వైఫైలో ఉన్నాయి. రెండింటిలోనూ నెట్ చక్కగా వస్తుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఆ రెండో రౌటర్ తన వెనక సొంతంగా వేరే ఇల్లు కట్టుకుంది. ఫోన్ వేసిన కేక ఆ ఇంటి గడప దగ్గరే ఆగిపోతోంది. టీవీకి వినపడితేగా గుర్తుపట్టడానికి!

ఆ పూటకి ఫోన్‌ని టీవీ ఉన్న వైఫైకి మార్చమన్నాను. పది సెకన్లలో టీవీ పేరు వచ్చింది. ఆదివారం వెళ్లి రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాను. అప్పుడది సొంత ఇల్లు కట్టుకోవడం మానేసి, ఉన్న ఇంటికి ఇంకో గదిలా మారుతుంది. మన నగరంలో ఫ్లాట్ల నిండా ఈ రెండు డబ్బాల అమరికే కనిపిస్తోంది, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను. ఎంవీపీలో, మధురవాడలో, గాజువాకలో బంధువుల ఇళ్లలో నేను సరిచేసిన వాటిలో సగానికి పైగా ఇదే కథ.

ఒక అపోహ కూడా తీర్చాలి. ఒకే రౌటర్‌లో 2.4, 5 అని రెండు పేర్లు కనిపిస్తే, ఫోన్, టీవీ రెండూ ఒకే పేరులో ఉండి తీరాలని కొందరంటారు. మామూలుగా అక్కర్లేదు. అవి ఒకే ఇంటికి రెండు తలుపులు. గెస్ట్ వైఫై మాత్రం వేరు, అది కావాలనే గోడ కట్టిన గది. రుషికొండ వైపు హోటళ్లలో దిగినప్పుడు గది టీవీకి ఫోన్ కలవకపోవడం కూడా చాలాసార్లు ఇలాంటి గోడ వల్లే. పక్క గదిలో ఉన్నవాళ్లు మన ఫోన్‌ని చూడకుండా ఆ గోడే కాపాడుతుంది కాబట్టి దాన్ని తప్పుపట్టను.

అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నా దొరకట్లేదంటే ఫోన్‌లో అనుమతులు చూడండి. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాపూ ఇంటి నెట్‌వర్క్‌లోని పరికరాల్ని వెతకడానికి మన అనుమతి అడుగుతుంది. 2022 నాటి ఆండ్రాయిడ్ 13లో నియర్‌బై డివైసెస్ అనే అనుమతి అలాంటిదే. కొత్త యాప్ తెరిచిన తొందరలో వద్దు అని నొక్కేసి ఉంటాం, తర్వాత మర్చిపోతాం. ఫోన్ నెట్‌ని వేరే దారిన మళ్లించే వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ఇదే ఇబ్బంది రావచ్చు.

దొరికాక కూడా తడబడితే

గుర్తుపట్టింది, మొదలైంది, కానీ మధ్యలో గుండ్రంగా తిరుగుతోంది. ఇది గాలి సమస్య. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడల్ని బాగానే దాటుతుంది, కానీ అందులో ఒకదానికొకటి అడ్డం రాని చానళ్లు మూడే: 1, 6, 11. అక్కయ్యపాలెం లాంటి చోట ఒక అపార్ట్‌మెంట్ మధ్య అంతస్తులో నిలబడి ఫోన్ తెరిస్తే పాతిక వైఫై పేర్లు కనిపిస్తాయి. పాతిక ఇళ్లు, మూడు దారులు. వాటికి తోడు బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చుట్టుపక్కల తరంగాల్లోనే పనిచేస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు చాలా ఎక్కువ, 2018లో కేంద్రం ఆ బ్యాండ్‌లో లైసెన్స్ అక్కర్లేని భాగాన్ని బాగా పెంచింది కూడా. కానీ కాంక్రీటు గోడ అడ్డొస్తే అది త్వరగా నీరసిస్తుంది. చవక టీవీలు కొన్నింటికి 5 అసలు రానే రాదు. కొనేముందు అడగాల్సిన ప్రశ్న అది. తెర ఎన్ని అంగుళాలని అడిగి వచ్చేస్తున్నాం.

విచిత్రంగా అనిపించే లెక్క ఒకటుంది. నెట్‌ఫ్లిక్స్ 4కె సినిమాకి సెకనుకి 15 మెగాబిట్ల వేగం ఉంటే చాలంటుంది. ఐఫోన్‌లో హెచ్‌ఈవీసీ పద్ధతిలో తీసిన 4కె వీడియో, సెకనుకి 30 ఫ్రేముల చొప్పున, నిమిషానికి సుమారు 170 ఎంబీ ఉంటుంది. బైటుకి 8 బిట్ల చొప్పున లెక్క కడితే సెకనుకి దాదాపు 23 మెగాబిట్లు. పాత హెచ్ 264 పద్ధతిలో తీస్తే దానికి రెట్టింపు. అంటే మా చెల్లి ఫోన్‌లో తీసిన గిరి ప్రదక్షిణ, పెద్ద స్టూడియో సినిమా కంటే బరువైనది! పైగా అది ఫోన్ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి టీవీకి ఇంకోసారి గాల్లోనే ప్రయాణిస్తుంది. టీవీని రౌటర్‌కి మామూలు లాన్ వైరుతో కలిపేస్తే ఆ బరువు సగం తగ్గుతుంది. వైర్లెస్ గురించి రాస్తూ వైరు సలహా ఏమిటని అనుకోకండి. కదలని టీవీకి వైరు, కదిలే ఫోన్‌కి గాలి, నేను చూసిన ఇళ్లన్నిటిలో బాగా నడిచే అమరిక ఇదే.

ఇంకో రకం వైఫల్యం ఉంది, అది గాలిది కాదు. ఫోన్‌లో ఓటీటీ సినిమా పెట్టి మిర్రర్ చేస్తే మాట వినిపిస్తుంది, తెర నల్లగా ఉంటుంది. అది కాపీ రక్షణ. తెరని ఎవరో పట్టుకుంటున్నారని తెలియగానే యాప్ బొమ్మని ఆపేస్తుంది. రౌటర్ ఎన్నిసార్లు ఆర్పి వేసినా మారదు. టీవీలోనే ఆ యాప్ తెరవడం దీనికి తేలికైన మందు. నెట్‌ఫ్లిక్స్ 2019లో ఎయిర్‌ప్లేని పూర్తిగా వదిలేసింది కూడా. మన ఇంట్లో రెండు వస్తువుల మధ్య జరిగే పనిలో కూడా ఎక్కడో ఉన్న కంపెనీ నిర్ణయం ఉంటుందన్న సంగతి చాలామందికి ఇలాంటప్పుడే తెలుస్తుంది. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా కాస్ట్ చేయడం మానేశాయి. పరికరాల్లో ఏ లోపమూ లేదు, లోపల నమ్మకానికి గుర్తుగా ఉండే డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోయింది, అంతే. గూగుల్ సరిచేసేదాకా జనం ఎదురుచూడాల్సి వచ్చింది.

ఫోన్ నుంచి ఫోన్‌కి

మా చెల్లి వీడియోలు పెద్దమ్మ ఫోన్‌కి ముందు వాట్సాప్‌లో వచ్చాయి. వాట్సాప్ వాటిని బాగా కుదించి పంపుతుంది. అరచేతి తెర మీద బాగున్నవే 55 అంగుళాల టీవీ మీద మసకబారాయి. పక్కపక్కన కూర్చున్నప్పుడు వాట్సాప్ ఎందుకు? ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య క్విక్ షేర్, యాపిల్ వాటి మధ్య ఎయిర్‌డ్రాప్ అసలు ఫైలునే ఏమీ తగ్గించకుండా పంపుతాయి. ఇవి ముందు బ్లూటూత్‌తో పక్క ఫోన్‌ని కనిపెట్టి, తర్వాత వైఫైతో నేరుగా కలుపుకుని ఫైలు దాటిస్తాయి. ఒక్క ఎంబీ డేటా ఖర్చవదు. ఒకప్పుడు మనందరి ఫోన్లలో షేరిట్, జెండర్ ఉండేవి. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. అదే ఏడాది గూగుల్ నియర్‌బై షేర్ తెచ్చింది, 2024లో దాన్ని శామ్‌సంగ్ క్విక్ షేర్‌తో కలిపేసింది. ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో పాత యాప్ ఫైళ్లు వెతికి వేసుకునేవాళ్లని చూస్తుంటాను, దయచేసి ఆ పని చేయకండి. దాని పని చేసేది ఫోన్‌లోనే ఉంది.

టీవీ పేరు కూడా ఒకసారి మార్చుకోండి. ఫ్లాట్లలో ఒకే కంపెనీ టీవీలు ఒకే పేరుతో కనిపిస్తాయి. మిరాకాస్ట్‌కి రౌటర్ అడ్డు ఉండదు కాబట్టి పక్కింటి టీవీ మీ జాబితాలోకి, మీది వాళ్ల జాబితాలోకి వస్తుంది. "హాలు టీవీ 302" లాంటి పేరు పెట్టి, కొత్త ఫోన్ కలిసేటప్పుడు ప్రతిసారీ అనుమతి అడిగేలా పెట్టుకుంటే ఒకరి పెళ్లి ఫొటోలు ఇంకొకరి హాల్లో తేలవు. ఇంట్లో పరికరాలు అడగ్గానే బయటి నుంచి లోపలికి దారి తెరిచే యూపీఎన్‌పీ అనే సదుపాయం రౌటర్‌లో ఉంటుంది, అవసరం లేకపోతే దాన్ని ఆపేయండి. 2019 జనవరిలో దాన్ని ఆసరా చేసుకునే కొందరు వేల టీవీల మీద బయటి నుంచి తమకి నచ్చిన వీడియో వేశారు.

నెట్ పోయిన రోజు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు, ఫోన్ సిగ్నల్ రెండూ పోయి, ఊరు రోజుల తరబడి ఒంటరిదైపోయింది. అంతటి విపత్తు మళ్లీ రాకూడదు. కానీ చిన్న గాలివానలు ఏటా వస్తాయి. ఇక్కడ చాలా ఫైబర్ లైన్లు కరెంటు స్తంభాల మీదుగా గాల్లోనే సాగుతాయి. కొమ్మ విరిగిపడితే అదీ తెగుతుంది. కరెంటు వాళ్లు ముందు వస్తారు, నెట్ తర్వాత వస్తుంది. ఆ మధ్య సమయంలో టీవీ వెలుగుతుంది, వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, కానీ ఏమీ రాదు. ఇంట్లో పిల్లలు, కదల్లేని పెద్దవాళ్లు ఉన్నప్పుడు ఆ ఒకటి రెండు రోజులు చాలా పొడుగ్గా అనిపిస్తాయి.

వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. వైఫై అంటే ఇంట్లో గదుల మధ్య దారి. ఇంటర్నెట్ అంటే వీధి తలుపు అవతలి రోడ్డు. రోడ్డు తెగినా గదుల మధ్య నడవొచ్చు. అందుకే పెద్దమ్మ వాళ్ల రౌటర్‌కి ఒక పాత హార్డ్‌డిస్క్ గుచ్చి, పెళ్లిళ్ల వీడియోలు, తాతగారు ఉన్నప్పటి ఫొటోలు, ఈ గిరి ప్రదక్షిణ, అన్నీ అందులో వేశాను. మీ ఇంట్లో ఏ దారి ఎంత దూరం వెళ్తుందో తెలుసుకోవాలంటే తుపాను దాకా ఆగక్కర్లేదు. ఒక సాయంత్రం డబ్బా వెనక ఫైబర్ వైరు మాత్రం జాగ్రత్తగా ఊడదీసి, కరెంటు అలాగే ఉంచి, ఒక్కో పద్ధతీ ప్రయత్నించండి. యూట్యూబ్ కాస్ట్ ఆగిపోతుంది. మిరాకాస్ట్ ఉన్న ఫోన్ నుంచి మిర్రరింగ్ నడుస్తుంది. హార్డ్‌డిస్క్‌లోని ఫైళ్లు ఎప్పటిలాగే తెరుచుకుంటాయి. వైరు తిరిగి పెట్టేటప్పుడు దాని కొసని వేలితో ముట్టుకోకండి, అందులోకి కళ్లు పెట్టి చూడకండి, టక్‌మని బిగుసుకునేదాకా నొక్కండి.